తొమ్మిదో గడి

నమోదు 1418. సోమవారం. పాటు. సముద్రం తగ్గింది, నీరు కట్టకు నాలుగు మెట్లు కింద ఉంది.

కుర్చీ కాలు మళ్ళీ ఊగుతోంది. పంటు ఊగినప్పుడు కుర్చీ ఊగదా అంటారు డాక్టర్ ఉమామహేశ్వర్ గారు, నీళ్ళ మీద తేలే ఈ ప్రయోగశాలకు పెద్ద. ఊగదు. ఈ పంటు మీద ఎనిమిది కుర్చీలుంటే ఏడు నేలకు బిగించి ఉన్నాయి. సాక్షి కుర్చీ ఒక్కటే విడిగా ఉంది. మేకులు కావాలని అయిదేళ్ళలో పదిసార్లు ఈ చిట్టాలోనే రాశాను. పైన కౌన్సిల్లో దీన్ని ఎవరైనా చదువుతున్నారా అన్న అనుమానానికి నా కుర్చీ కాలే జవాబు. పాత ఫారాల కట్ట ఒకటి కాలికింద దోపి కూర్చున్నాను.

కొత్తగా చదివేవాళ్ళకు తెలియాలి కనక చెబుతున్నాను. నా పేరు ఝాన్సీ. యాభై రెండేళ్ళు. బడి నీళ్ళలో మునిగేదాకా సాంఘికశాస్త్రం చెప్పేదాన్ని. జీవశాస్త్ర పరిశోధన జరిగే ప్రతిచోటా ఆ శాస్త్రం చదవని మనిషి ఒకరు కూర్చుని చూడాలి, ఆదివారం తప్ప రోజూ రాయాలి, ఫారం మీద మూడో సంతకం పెట్టాలి. ఆ మనిషే సాక్షి, అది చట్టం. దానికోసం మూడో కట్ట మీద పదకొండు రోజులు ఎండలో కూర్చున్నవాళ్ళలో నేనూ ఉన్నాను. కుర్చీ కోసం పోట్లాడాం గానీ దానికి నాలుగు కాళ్ళూ సరిగ్గా ఉండాలని రాయించుకోవడం మర్చిపోయాం.

ఈవేళ ఎనభై ఇళ్ళ డబ్బాలు వచ్చాయి. డబ్బాల్లో ఏముంటుందో రాయక్కర్లేదు, గది వాసన చూస్తే తెలుస్తుంది. ఊళ్ళు మునిగాక మేం ఇళ్ళు కట్టుకున్న ఈ ఏడో కట్ట మీద నలభై ఇళ్ళకు ఆర్నెల్ల కిందట ల్యాబు పెరుగు ఇచ్చారు. ఆ పెరుగులోని సూక్ష్మజీవి పేగుల్లో కాపురం పెట్టి, మనం తాగిన నీళ్ళలోని ఉప్పు రక్తంలోకి పోకుండా పట్టేస్తుంది. మొదటిసారి మాత్రమే ల్యాబు ఇస్తుంది. ఆ తర్వాత పొడిపాలు కాచుకుని ఆ పెరుగుతోనే రోజూ తోడు పెట్టుకోవాలి. ఈ నలభై ఇళ్ళవాళ్ళం ఆర్నెల్లుగా ఉప్పు కాలవ నీళ్ళు తాగుతున్నాం, బతికే ఉన్నాం. పెరుగు ఇవ్వని ఇంకో నలభై ఇళ్ళున్నాయి, పోల్చి చూసుకోవడానికి.

‘వాళ్ళం’ అని రాశాను. అవును, మా ఇల్లు కూడా మొదటి నలభైలోదే. సాక్షి తాగని నీళ్ళు ఊరెందుకు తాగాలని మీటింగులో నేనే అన్నాను. చప్పట్లు కొట్టారు.

శనివారం తుది ఫారం పోవాలి. డబ్బాలు తెరిచి చూసే పని డాక్టర్ సలోమిది. ముప్పై ఏళ్ళ పిల్ల, అయిదో కట్టలో పుట్టింది. నాలుగేళ్ళు కూర్చుని ఈ సూక్ష్మజీవిని తయారుచేసింది ఆమే. తొమ్మిదో గడి కూడా చూసెయ్యమ్మా అని ఉమామహేశ్వర్ గారు పొద్దున్నే ఆమెకు చెప్పారు. చూసెయ్యడమంటే పాత ఫారంలోంచి వాక్యం తెచ్చి అతికించడం.

తొమ్మిదో గడిలో అడిగేది ఇది: ‘ఈ పరిశోధన వల్ల సమాజానికి కలగగల పర్యవసానాలు.’ మూడు గీతల చోటు. మొదటి ఎనిమిది గడులు ఎలుకల గురించీ విషాల గురించీ వ్యర్థాల గురించీ అనుమతి పత్రాల గురించీ అడుగుతాయి. వాటికి పదేసి పేజీలు జతచేస్తారు, శ్రద్ధగా. తొమ్మిదోది వచ్చేసరికి అందరికీ టీ గుర్తొస్తుంది.

నమోదు 1419. మంగళవారం. పోటు.

మంచినీళ్ళ బండి రోజు. మంగళ, శుక్రవారాల్లో వస్తుంది. మామూలు ఇంటికి నాలుగు బిందెలు, ప్రయోగం ఇళ్ళకు వంట కోసం రెండు. అందుకే నేను వరసలో త్వరగా బయటపడతాను, అందుకు కొందరు నన్ను కోపంగా చూస్తారు. చూడనీ.

నా వెనక నాంచారమ్మ నిలబడింది. మా పక్కిల్లు. ఆమె మొగుడు వీరాస్వామి పడవలు చేసే వడ్రంగి. ఉప్పునీళ్ళు తాగి తాగి రెండేళ్ళ కిందటే కిడ్నీలు సగం పోయాయి. కిడ్నీ జబ్బు మనిషి ఉన్న ఏ ఇంటికీ ల్యాబు పెరుగు ఇవ్వకూడదని గట్టి నియమం, ఆరో గడిలో ఉంది. అందుకని వాళ్ళిల్లు ఇవ్వని నలభైలో పడింది. వాళ్ళకు నాలుగు బిందెలు. అవీ చాలవు, సగానికి సగం కాలవ నీళ్ళు కలుపుకునే తాగుతారు.

మూడు వారాలుగా ఆయనకు కాళ్ళు బరువెక్కాయట. గోడ పట్టుకుని నడుస్తున్నాడట. గుండె కాసేపు పరిగెత్తి, కాసేపు ఆగి చూస్తోందట. ఇదంతా ఆమె బిందె కడుగుతూ కడుగుతూ చెప్పింది, ఎవరిదో సంగతి చెబుతున్నట్టు.

“నిన్న ఉలి పట్టుకోబోతే చేతిలోంచి జారిపోయింది వదినా. ఆయన నవ్వాడు. నాకు నవ్వు రాలా.”

కాలవ నీళ్ళు కలపకుండా తాగించమని నేను ఉపన్యాసం ఇచ్చాను. నీళ్ళెక్కడివని ఆమె అడగలేదు, మర్యాదస్థురాలు.

బండి డ్రైవరు గొట్టం చుట్టుకుంటూ, ఒకటో తారీఖు నుంచి తనను ఎనిమిదో కట్టకు మార్చారని చెప్పాడు. మరి మాకెవరొస్తారంటే, మీకు అక్కర్లేదంట కదండీ, మీరు కాలవ నీళ్ళు తాగుతున్నారంట కదా, కాగితం వచ్చింది అన్నాడు.

నమోదు 1420. బుధవారం.

కాగితం గురించి ఉమామహేశ్వర్ గారిని అడిగాను. సొరుగులోంచి తీసి చూపించారు, దాచలేదు. ‘అనుకూలత సాధించిన కట్టలకు మంచినీటి బండి అవసరం ఉండదు.’ తుది ఫారం అందిన మరుసటి ఒకటో తారీఖు నుంచి అమలు. ఆ కాగితం ఆయన దగ్గరికి వచ్చి మూడు నెలలయింది.

మాకెందుకు చెప్పలేదంటే ఆయన నిజంగానే ఆశ్చర్యపోయారు.

“నీళ్ళ పంపకం నా సబ్జెక్టు కాదు ఝాన్సీ గారూ. మేం ఒక సూక్ష్మజీవిని చేశాం. దాంతో రేపు ఎవరేం చేస్తారో చెప్పడానికి నేనేమన్నా జాతకాలు చూస్తానా?”

ఈ మాట అయిదేళ్ళలో ఎన్ని నోళ్ళలో విన్నానో. ఈ పంటు మీదకు వచ్చే శాస్త్రవేత్తలతో మధ్యాహ్నం బల్ల దగ్గర కూర్చుని అడగడం నాకు అలవాటు. మీ పని వల్ల జనానికి ఏమవుతుందో ఆలోచిస్తారా అని. చెడ్డవాళ్ళు ఒక్కరూ తగల్లేదు. అదే నా బాధ. ఎలుకకు నొప్పి తెలియకుండా సూది గుచ్చడం గురించి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాయన, ఆ మందు ఎవరికి అందుతుందంటే అది అమ్మకాలవాళ్ళ వ్యవహారం అన్నాడు. ఒకావిడ, జనానికి అర్థం కాదు, ఊరికే బెదిరిపోతారు అంది. ఆ జనంలో వాళ్ళమ్మ కూడా ఉందని గుర్తుచేస్తే, మా అమ్మకు అసలే అర్థం కాదు అంది. ఇంకొకాయన గొంతు తగ్గించి, ఇవన్నీ మేమూ అనుకుంటామండీ, బల్ల దగ్గర అనుకుంటాం, రాస్తే ఆ ఏడాది పని ఆగిపోతుంది అన్నాడు. ఆ ఒక్కాయన నిజం చెప్పాడు. ఆయనకు పప్పు రెండోసారి వడ్డించాను.

సైన్సు వద్దనేవాళ్ళ ముఠాలో నన్ను కలపకండి. తాయెత్తులు కట్టేవాళ్ళతో నేను చేసినన్ని తగాదాలు ఈ కట్ట మీద ఎవరూ చెయ్యలేదు. నేనడిగేది చిన్న సంగతి. పేగులో ఏం జరుగుతుందో నాలుగేళ్ళ ముందే ఊహించగలిగిన బుర్ర, ఆ పేగున్న మనిషి బిందె పట్టుకుని ఎక్కడ నిలబడతాడో ఎందుకు ఊహించలేదు? చేతకాక కాదు. అది తమ పని అనుకోకపోవడం వల్ల. అలా అనుకోనివ్వడానికే మూడు గీతల గడి ఇచ్చాం.

ఇదంతా ఆయనతో అన్నాను. ఆయన గడియారం చూసుకున్నారు. నాకు కూడా ఓపిక అయిపోయింది.

నమోదు 1421. గురువారం.

సలోమి ఈవేళ డబ్బాలన్నీ రెండోసారి చూసింది. మధ్యాహ్నం అన్నానికి రాలేదు. నేను వెళ్ళేసరికి చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. పెరుగు ఇవ్వని నలభై ఇళ్ళలో ముప్పై ఒక్క ఇళ్ళ డబ్బాల్లో ల్యాబు సూక్ష్మజీవి కనిపించింది.

అది గాల్లో పోదు, నీళ్ళలో బతకదు, మనిషి నుంచి మనిషికి అంటుకోదు. ఆ మూడూ ఆమె తనే పరీక్ష చేసి రాసింది. ఉమామహేశ్వర్ గారు కాసేపు కిటికీలోంచి కాలవకేసి చూసి, డబ్బాలు మోసేటప్పుడు మూతలు మారిపోయి ఉంటాయి, నమూనాలు కలిసిపోయాయని రాసి ఆ ముప్పై ఒకటీ పక్కన పెట్టెయ్యమన్నారు. మిగిలిన తొమ్మిది ఇళ్ళతో లెక్క తేలుతుందట.

ఆయన వెళ్ళాక సలోమి నావైపు తిరిగింది. “ఆంటీ, మీరు ఎవరికన్నా పెరుగు ఇచ్చారా?”

నాకు ఒళ్ళు మండింది. మా ఇంటి గోడమీద నియమాల కాగితం అతికించి ఉంది: ‘ల్యాబు పెరుగు ఇతరులకు ఇవ్వరాదు, అమ్మరాదు.’ కిందటి ఎండల్లో ఎవరో పడవమనిషి దాహమని వచ్చి కాస్త మజ్జిగ పొయ్యమ్మా అంటే, ఇవ్వలేదు. ఎందుకివ్వకూడదో పావుగంట చెప్పి ఉత్త నీళ్ళిచ్చి పంపాను. అదే చెప్పాను ఆమెకు. సాక్షిని అడగాల్సిన ప్రశ్నేనా ఇది అని కూడా అన్నాను. 

కోపంలో కుర్చీలో దబ్బున కూర్చుంటే కాలికింది కాగితాల కట్ట జారి ఫారాలు నేలమీద పరుచుకున్నాయి. ఏరుతుంటే సలోమి ఒకటి తీసింది. ఈ పెరుగు ప్రయోగానికి మొదట్లో పెట్టిన ఫారమే. తొమ్మిదో గడిలో ఇలా ఉంది: ‘ఈ రొయ్యలు చెరువు గట్టు దాటి బయటకు వెళ్ళే అవకాశం లేనందున సమాజంపై ఎటువంటి ప్రభావమూ ఊహించడం లేదు.’

పాత రొయ్యల ప్రయోగంలోంచి అతికించారు. రొయ్యలు అన్న మాట కూడా తియ్యలేదు. ముగ్గురం చదివినట్టు సంతకాలు పెట్టాం, పైవాళ్ళు చదివినట్టు ముద్ర వేశారు, నలభై ఇళ్ళ ఆడవాళ్ళూ మగవాళ్ళూ పిల్లలూ రొయ్యలై ఆ పెరుగు తిన్నారు.

నేను నవ్వాను. ఇదీ మీ శ్రద్ధ అన్నాను. సలోమి నవ్వలేదు. కాగితం నావైపు తిప్పి మూడో సంతకం మీద వేలు పెట్టింది.

నా సంతకమే. తేదీ కూడా నా చేతిరాతే. ఆ రోజు మీటింగుంది. తొందరలో ఉన్నాను.

నమోదు 1422. శుక్రవారం. పోటు, రెండు మెట్లు మిగిలాయి.

ఇది వరసగా రాయాలి. 

పొద్దున బండి వచ్చింది. నీళ్ళు పట్టుకుని, పాలు కాచి, గోరువెచ్చగా అయ్యేదాకా గట్టు మీద పెట్టాను. తోడు వెయ్యడానికి చెంచా తీశాను. అప్పుడు పిట్టగోడ అవతల నుంచి నాంచారమ్మ చెయ్యి వచ్చింది, చేతిలో చిన్న స్టీలు గ్లాసు.

“వదినా, కాస్త తోడెయ్యి. ఈ ఉప్పుగాలికి మాది మళ్ళీ విరిగిపోయింది.”

ఆ గ్లాసు నాకు తెలుసు. అంచు ఒకచోట నొక్కుకుపోయి ఉంటుంది. వారానికో రెండు వారాలకో ఒకసారి ఆ గ్లాసు గోడ మీదికి వస్తుంది, నేను చెంచాడు వేస్తాను, అది వెళ్ళిపోతుంది. మాట్లాడుకుంటూ వేస్తాను. చూడకుండా వేస్తాను. ఆర్నెల్లుగా వేస్తున్నాను.

పెరుగు ఇవ్వలేదు నేను. సత్యప్రమాణంగా ఎవరికీ ఇవ్వలేదు. పెరుగంటే గిన్నె, అన్నంలోకి వేసుకునేది. చెంచాడు తోడు వెయ్యడాన్ని ఇవ్వడం అని ఈ కట్టల మీద ఎవరూ అనుకోరు. గుమ్మం ముందు చెప్పులు పక్కకు జరిపినట్టు, ఆరేసిన చీర ఎగిరిపోతుంటే పట్టుకున్నట్టు. నియమాల కాగితం ఎదురుగా ఉండగానే వేశాను. మిగతా ముప్పై ఇళ్ళకూ ఇలాగే వెళ్ళి ఉంటుంది, ఇలాంటి గ్లాసుల్లో.

చెంచా గిన్నె మీద ఆగిపోయింది. తరవాత నేను చేసిన పని కూడా రాస్తాను, ఎందుకంటే అయిదేళ్ళుగా ఇతరులు చేసినవన్నీ రాశాను. లేదు నాంచారమ్మా, మాదీ విరిగిపోయింది అన్నాను. గిన్నె నా చేతిలోనే ఉంది. ఆమె గిన్నెను చూసింది, నన్ను చూసింది, గ్లాసు వెనక్కి తీసుకుంది.

పంటుకు వెళ్ళి సలోమికి చెప్పాను. ఆమె ముందు నా వంక చూడలేదు. “వీరాస్వామి గారికి కిడ్నీ కదా,” అంది. ఆ తర్వాత చెప్పింది. ఆ సూక్ష్మజీవి ఉప్పును పట్టుకున్నప్పుడల్లా బదులుగా పొటాషియం వదులుతుంది. బాగున్న కిడ్నీ దాన్ని కడిగి బయటికి పంపేస్తుంది. చెడిన కిడ్నీ పంపలేదు. అది రక్తంలో పేరుకుని కండరాల్లో బలం తీసేస్తుంది, చివరికి గుండె మీదికి వస్తుంది. ఆరో గడిలో నియమం పెట్టింది అందుకే. నియమం ప్రకారం ఆ ఇంటికి ఎవరూ పెరుగు ఇవ్వలేదు కూడా.

ఇద్దరం వెళ్ళాం. సలోమి రక్తం తీసి అక్కడే చిన్న పెట్టెలో చూసింది. ఆ అంకె నాకు చెప్పలేదు, పడవ ఆసుపత్రికి కబురు పెట్టింది. వాళ్ళు గంటలో వచ్చి సూదులు వేసి, ఇవాళ్టికి గండం గడిచిందన్నారు. కానీ పేగుల్లో అది ఉన్నన్నాళ్ళూ మళ్ళీ పేరుకుంటూనే ఉంటుంది. దాన్ని చంపే మందు లేదు. ఉప్పు లేకపోతే ఆకలితో అదే చస్తుంది, నలభై రోజులు పడుతుంది. నలభై రోజులు ఆయన తాగేదీ, వండుకునేదీ, నోరు పుక్కిలించేదీ అంతా మంచినీళ్ళే కావాలి. బండి వచ్చినప్పుడల్లా ఆ ఇంటికి ఎనిమిది బిందెలు. ఒకటో తారీఖు ఎనిమిది రోజుల్లో ఉంది. ఆ తర్వాత బండే లేదు.

నాంచారమ్మకు నేనే చెప్పాను. నా చెంచా దగ్గర్నుంచి పొద్దున్న ఆడిన అబద్ధం దాకా. ఆమె కొంగు నోట్లో కుక్కుకుని విన్నది. నువ్వు తెలిసి వెయ్యలేదుగా అంది. తెలుసుకోవాల్సిన కుర్చీలో కూర్చున్నానని నేనన్నాను. ఆ మాట ఆమెకు పెద్దగా పట్టలేదు. సలోమి వైపు తిరిగింది.

“అమ్మాయ్, నువ్వు అయిదో కట్ట పిల్లవటగా. ఈ పెరుగు కనిపెట్టేటప్పుడు మా ఇంటికి తోడు ఎక్కణ్ణించి వస్తుందనుకున్నావు?”

కోపంగా అడగలేదు. తెలుసుకుందామనే అడిగింది. 

 కట్ట మీద తిరిగి వస్తూ సలోమి తనే అంది, “మా అమ్మ కూడా పక్కింటి తోడే వేసేది ఆంటీ. గ్లాసు పట్టుకెళ్ళేది నేనే. ఆ కాగితం రాసేటప్పుడు నేను మా ఇంటి మనిషిని కాను, ల్యాబు మనిషిని.”

నమోదు 1423. శనివారం.

ఫారం బల్లమీద ఉంది. ముగ్గురం చుట్టూ కూర్చున్నాం.

చట్టం ఇది. సాక్షి అభ్యంతరం రాస్తే విచారణ జరిగేదాకా ఫలితం ఆగుతుంది, బండి వస్తూనే ఉంటుంది. కానీ నియమం తప్పిన సాక్షి సంతకం చెల్లదు, అభ్యంతరమూ చెల్లదు. నా చెంచా సంగతి దాచి అభ్యంతరం రాస్తే, ఆ సూక్ష్మజీవి గోడలు ఎలా దాటిందో చెప్పలేను, మూతలు మారిపోయాయన్న మాటే నిలుస్తుంది. చెబితే నేను సాక్షినే కాను. ఈ చట్టం రాయించుకున్నవాళ్ళం మేమే. ఎంత గట్టిగా రాయించుకున్నామో.

సాక్షి లేనప్పుడు తొమ్మిదో గడి పరిశోధకురాలు తన చేతిరాతతో నింపాలి. అంటే సలోమి. ఆమె ముప్పుందని రాస్తే దానికీ విచారణ వెయ్యాల్సిందే.

ఉమామహేశ్వర్ గారు నాతో మెత్తగానే మాట్లాడారు. వీరాస్వామికి నలభై రోజులూ పంటు వాటాలోంచి నీళ్ళు తను పంపిస్తానన్నారు. పంపిస్తారు కూడా, అబద్ధాలాడే మనిషి కాదు. ఈ కట్ట మీద కిడ్నీలు పోయినవాళ్ళు పద్ధెనిమిది మంది, అందరికీ మోస్తారా అన్నాను. మోసినా, తర్వాతి కట్ట మీద గోడలుండవా, గ్లాసులుండవా అన్నాను.

ఆయన కళ్ళద్దాలు తీశారు. వాళ్ళమ్మ మూడో కట్ట మీద ఉప్పు రక్తపోటుతో పోయిందని అప్పుడు చెప్పారు. అయిదేళ్ళలో మొదటిసారి.

“ఈ ప్రయోగం మళ్ళీ మొదలెడితే రెండేళ్ళు. ఆ రెండేళ్ళలో మిగతా కట్టల మీద మా అమ్మలాంటి వాళ్ళు ఎంతమంది పోతారో, అది కూడా మీ గడిలో రాస్తారా?”

  నేను ఈ మనిషిని అయిదేళ్ళుగా రాయి అనుకున్నాను. “రాయండి,” అన్నాను. “అది కూడా రాయండి. ఆ గడి ఉన్నది అందుకే. మీరు ఇన్నాళ్ళూ రాయకపోవడమే నా తగాదా.”

నేను విడిగా ఒక కాగితం తీసి చెంచా సంగతి రాసి, తేదీ వేసి బల్లమీద పెట్టాను. అంతటితో నా పని అయిపోయింది. లేచి నిలబడ్డాను, కుర్చీ పక్కకు పడిపోయింది.

సలోమి అతికించి ఉన్న వాక్యాన్ని నిలువునా కొట్టేసింది. రాయడం మొదలుపెట్టింది. మూడు గీతలూ అయిపోయాయి, పక్క అంచుల్లోకి వెళ్ళింది, కాగితం తిప్పి వెనక రాసింది. ఇక్కడ ఎత్తి రాస్తున్నాను:

‘తోడు పక్కింటి నుంచి వస్తుందని నాకు పుట్టినప్పటి నుంచి తెలుసు. ప్రోటోకాల్లో రాయలేదు. ఒక ఇంటికి ఇచ్చింది ఊరందరికీ ఇచ్చినట్టే. ముప్పై ఒక్క ఇళ్ళవాళ్ళను మేము అడగలేదు. కిడ్నీ జబ్బున్నవాళ్ళ ప్రాణానికి ముప్పు వచ్చింది, ఒకరి విషయంలో రుజువైంది. మంచినీళ్ళ బండి ఆగితే వాళ్ళకు దారి లేదు. ఈ సూక్ష్మజీవి పనిచేస్తుంది. దీన్ని ఆపితే రెండేళ్ళలో మిగతా కట్టల మీద సుమారు మూడు వందల మంది ఉప్పు జబ్బులతో చనిపోవచ్చు. ఈ రెండు మాటలూ నిజమే. ఏది చెయ్యాలో నేనొక్కదాన్నే తేల్చలేను. కట్టల మీద వాళ్ళను అడిగి తేల్చాలి.’

ఉమామహేశ్వర్ గారు చదివారు. మళ్ళీ చదివారు. కలం తీసి మూడు వందలు కొట్టేసి నాలుగు వందల పది అని దిద్దారు. ఆ లెక్క ఆయన దగ్గర ముందే ఉందన్నమాట. దిద్దినచోట పొట్టి సంతకం పెట్టి, కింద పూర్తి సంతకం పెట్టారు. మూడో సంతకం చోటు ఖాళీగా పోయింది. 

నమోదు 1431. మంగళవారం. పాటు.

సాక్షిని కాను. చిట్టా పుస్తకం తీసేసుకున్నారు. ఇది పాత ఫారాల వెనక రాస్తున్నాను. నంబరు మాత్రం నాదే, ఆపబుద్ధి కాలేదు.

విచారణ వచ్చే నెల ఇరవైకి వేశారు. అప్పటిదాకా బండి వస్తుంది. ఆ తర్వాత ఏమవుతుందో తెలియదు. సలోమి ఒప్పందం నెలాఖరుతో అయిపోతుంది, పొడిగింపు మాట ఎవరూ ఎత్తలేదట. మొన్న కనిపించి, కొత్త సాక్షి వస్తున్నాడని నా కుర్చీని నేలకు బిగించారని చెప్పింది. నాలుగు మేకులు. ఇద్దరం కట్ట మీద నిలబడి నవ్వుకున్నాం, కాస్త ఎక్కువసేపే.

కిడ్నీ జబ్బున్న పద్ధెనిమిది ఇళ్ళకూ సలోమి, నేనూ తిరిగి చెప్పాం. నలుగురి రక్తంలో అంకె ఎక్కువగా ఉంది. ఇద్దరు మమ్మల్ని గుమ్మం ఎక్కనివ్వలేదు. ఒకావిడ నన్ను అన్న మాటలు రాయను, అన్నీ నిజాలే.

నా రెండు బిందెలూ బండి దగ్గర్నుంచి తిన్నగా నాంచారమ్మ ఇంటికి పోతాయి. అటుపక్క ప్రయోగం ఇంటివాళ్ళు వాళ్ళ రెండూ ఇస్తున్నారు. నేను అన్నం కూడా కాలవ నీళ్ళతోనే వండుకుంటున్నాను. నోటికి ఉప్పగానే ఉంటుంది. రక్తపోటు చూపించుకున్నాను, ఇరవై ఏళ్ళ పిల్లకున్నట్టుందట. శాస్త్రం పనిచేస్తోంది, నా ఒళ్ళే సాక్ష్యం.

ఈవేళ పన్నెండో రోజు. వీరాస్వామి అరుగు మీద కూర్చుని ఉన్నాడు, ఉలి ఒళ్ళో ఉంది. దాంతో ఏమీ చెయ్యడం లేదు, ఊరికే పట్టుకున్నాడు. నేను మొదటి బిందె మోసుకుని మెట్లెక్కుతుంటే తడిసిన మెట్టు వంకే చూస్తున్నాడు.

“అంత నిండా పట్టి తేకక్కా, సగం మెట్ల మీదే పోస్తున్నావు. మెడ దాకా చాలు.”

సరేనన్నాను. వాదించలేదు. రెండో బిందె మెడ దాకానే పట్టి తెచ్చాను.